జర్మనీలో పప్పు ఎందుకు ఉడకదు, పెరుగు ఎందుకు తోడుకోదు

వైజాగ్ నుంచి జర్మనీకి చదువుకో, ఉద్యోగానికో వెళ్ళే పిల్లల సూట్‌కేసులో సగం బరువు పచ్చళ్ళదీ పొడులదీ. ఆవకాయ ఉంటే ఎక్కడైనా బతికేస్తారని ఇంట్లోవాళ్ళ ధీమా. కానీ అక్కడ మొదటి నెలంతా ఏడిపించేది కారం కాదు. నీళ్ళు, పాలు, పొయ్యి. ఇవి మారిపోయాయని తెలియక, వంట రాదేమోనని తమని తాము తిట్టుకుంటూ ఉంటారు.

సామాను సర్దుతున్నవాళ్ళకు ముందు ఒక మాట. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి వచ్చేవాళ్ళు పాలతో చేసినవి గానీ మాంసంతో చేసినవి గానీ తేకూడదు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ ఇందులోకే వస్తాయి. కస్టమ్స్‌లో దొరికితే తీసి పారేస్తారు. చేపల సంగతి మాత్రం వేరు, మనిషికి 20 కిలోల దాకా తీసుకెళ్ళొచ్చు. అంటే ఫిషింగ్ హార్బర్‌లో కొన్న ఎండు రొయ్యలు దర్జాగా దిగుతాయి, అమ్మమ్మ కాచిన నెయ్యి విమానాశ్రయంలోనే ఆగిపోతుంది. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. 2019 డిసెంబరు 14 నుంచి తాజా ఆకులకీ కాయలకీ దాదాపు అన్నిటికీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతున్నారు. అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరం, దురియన్, ఈ ఐదింటికే మినహాయింపు. కరివేపాకుని నీడన ఎండబెట్టి, వేయించి, కారప్పొడిలో కలిపేసి పట్టుకెళ్ళడం మేలు.

ఇక నీళ్ళు. బెర్లిన్, మ్యూనిక్ లాంటి చాలా ఊళ్ళలో కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, కానీ గట్టి నీళ్ళు. సున్నం ఎక్కువ. అక్కడ నీటి గట్టిదనాన్ని డిగ్రీల్లో లెక్కిస్తారు: 8.4 లోపు మెత్తని నీళ్ళు, 14 దాటితే గట్టివి. మీ వీధి నీళ్ళు ఎన్ని డిగ్రీలో ఆ ఊరి నీటి సరఫరా సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కందిపప్పు గింజని పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. నీళ్ళలోని కాల్షియం దాన్ని ఇంకా బిగించేస్తుంది. అందుకే ఇంట్లో మూడు కూతలకి వెన్నలా అయ్యే పప్పు అక్కడ ఆరు కూతలు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది.

విరుగుడు ఇది. కప్పు కందిపప్పుని గంటసేపు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోయండి. మూడు కప్పుల కొత్త నీళ్ళు పోసి, రెండు వేళ్ళతో తీసినంత వంటసోడా వేసి కుక్కర్ పెట్టండి. అక్కడ దాన్ని నాట్రోన్ అంటారు. పక్కనే ఉండే బాక్‌పుల్వర్ తెచ్చుకోకండి, అది బేకింగ్ పౌడరు, అందులో పులుపు కలిసి ఉంటుంది. సోడా ఎక్కువైతే పప్పు సబ్బు వాసన వేస్తుంది. చింతపండు, టమాటా పప్పు మెదిగాకే వెయ్యాలి. పులుపు కూడా పప్పుని ఉడకనివ్వదు, గట్టి నీళ్ళూ పులుపూ కలిస్తే ఇక ఆశ వదులుకోవచ్చు. తొందరగా ఉన్న రోజున రోటె లిన్సెన్ అని దొరికే ఎర్ర పప్పు, అంటే మన మైసూరు పప్పు వండుకోండి. పొట్టు తీసి ఉంటుంది, కుక్కర్ లేకుండానే పావుగంటలో మెత్తబడుతుంది.

టీ మీద తేలే నూనె మరకలాంటి తెట్టు కూడా ఈ సున్నం పనే. ఫిల్టరు జగ్గులో వడకట్టిన నీళ్ళతో పెడితే చాలావరకు పోతుంది. టీ పొడికి ఇండియన్ షాపుకి పరిగెత్తక్కర్లేదు. ఓస్ట్‌ఫ్రీజెన్ మిషుంగ్ అని రాసి ఉన్న పొట్లం తీసుకోండి. అందులో ముఖ్యంగా ఉండేది అస్సాం ఆకు, పాలు పోసినా రంగూ చిక్కదనమూ తగ్గవు. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా పేరుకున్న సున్నానికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు చల్లని నీళ్ళలో కలిపి అరగంట ఉంచండి. మరిగించకూడదు. మరిగిస్తే కాల్షియం సిట్రేట్‌గా మారి, ఉన్న సున్నం మీద ఇంకో పొర కడుతుంది.

పెరుగు సంగతికొస్తే, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తప్పు పాలది కాదు, తోడుదీ వేడిదీ. షాపులో నట్యూర్‌యోగుర్ట్ అని తెల్లని డబ్బాలు వరసగా ఉంటాయి. అందులో మిల్డ్ అని రాసి ఉంటే వేరే రకం బ్యాక్టీరియాతో తోడుపెట్టినది. అది తోడుకుంటుంది గానీ పుల్లబడదు, మూడోరోజుకి కూడా పాలవాసన వదలదు. మజ్జిగ పులుసుకి ఎందుకూ పనికిరాదు. మిల్డ్ అన్న మాట లేనిది, కొవ్వు 3.5 శాతం ఉన్నది తోడుకి కొనండి. వేర్మెబెహాండెల్ట్ అని ఉంటే తోడుకున్నాక మళ్ళీ వేడి చేసినదని అర్థం. అందులో ప్రాణం లేదు, దాంతో ఎన్నిసార్లు తోడుపెట్టినా పాలు పాలుగానే ఉంటాయి.

పాలలో హా-మిల్ష్ అన్నది బాగా వేడిమీద శుద్ధిచేసి డబ్బాలో నింపినది, ఫ్రిజ్‌లో పెట్టకుండానే నెలలు ఉంటుంది. కాస్త మాడు వాసన ఉన్నా పెరుగుకి పనికొస్తుంది, కాచక్కర్లేదు కూడా. ఫ్రిష్‌మిల్ష్, అంటే తాజా పాలు కొంటే మాత్రం ఒక పొంగు రానివ్వండి. అలా కాచినప్పుడే పాలలోని ప్రోటీన్ విచ్చుకుని పెరుగు గట్టిగా పేరుకుంటుంది. పైన మీగడ కట్టలేదని కంగారు పడకండి, కొవ్వుని ముందే చితక్కొట్టి పాలలో కలిపేసి ఉంటారు.

అర లీటరు పాలకి ఒక టీ చెంచా తోడు చాలు. పాలు 43 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టండి, సుర్రుమనకుండా వెచ్చగా తగలాలి. వైజాగ్ వంటింట్లో గిన్నె మూతపెట్టి మరిచిపోతే సాయంత్రానికి గెడ్డ పెరుగు. అక్కడ గది 20 డిగ్రీలు, గంటలో పాలు చల్లారిపోయి అలాగే ఉండిపోతాయి. హాస్టల్లో ఉండేవాళ్ళకి తేలికైన దారి వెడల్పు మూతి ఫ్లాస్కు. వేడినీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, తోడు కలిపిన పాలు పోసి మూత బిగించి, ఆరేడు గంటలు కదపకండి. ఓవెన్ ఉంటే రెండు నిమిషాలు వెచ్చజేసి ఆపేసి, లోపలి దీపం వెలుగుతుండగా గిన్నెకి తువ్వాలు చుట్టి పెట్టండి. ఇడ్లీ పిండికీ ఇదే మంత్రం, కాకపోతే ఎనిమిది గంటల పని పద్దెనిమిది గంటలు పడుతుంది.

పెరుగనుకుని క్వార్క్ తెచ్చుకునేవాళ్ళున్నారు. అది విరిగిన పాలని వడగట్టిన ముద్ద, అన్నంలో కలిస్తే సుద్దలా ఉంటుంది. అదే టర్కిష్ షాపులో అయ్‌రాన్ అడగండి, అచ్చంగా ఉప్పు మజ్జిగే. అల్లం, పచ్చిమిర్చి చితక్కొట్టి వేస్తే ఇంక చెప్పక్కర్లేదు. నెయ్యి పేరుతో బుట్టర్‌ష్మాల్ట్స్ దొరుకుతుంది గానీ దానికి మన కమ్మదనం ఉండదు. సవర్‌రామ్ అని రాసి ఉన్న వెన్న కొని కాచుకోండి. పులియబెట్టిన మీగడ నుంచి తీసినది కాబట్టి మన చల్ల వెన్నకి దగ్గర. 250 గ్రాములు కాస్తే 200 గ్రాముల నెయ్యి వస్తుంది.

పొయ్యి గురించి చెప్పాల్సినది చిన్నదే, నష్టం పెద్దది. గ్యాస్ మంట ఆపితే ఆగిపోతుంది. అద్దం పలకతో ఉన్న కరెంటు పొయ్యి ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆవాలు చిటపటలాడాక స్విచ్ ఆపితే లాభం లేదు, సగం ఆవాలు పేలుతుండగానే మూకుడు పలక మీంచి దించేసి, ఆ వేడికే వెల్లుల్లి, కరివేపాకు వెయ్యండి. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవాలి, కారిడార్ తలుపు మూసి ఉంచాలి. పొగకి అలారం మోగితే మేడంతా కిందకి దిగాలి. ఇండక్షన్ పొయ్యి అయితే ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళే కుక్కర్ అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో కొనేముందే చూసుకోండి, మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు.

బియ్యంలో మిల్ష్‌రైస్ అన్నది పొట్టిగా ఉండి ముద్దవుతుంది, చక్కెర పొంగలికి దివ్యంగా ఉంటుంది, రోజువారీ అన్నానికి వద్దు. ఉప్మాకి హార్ట్‌వైట్సెన్ గ్రీస్, అంటే గట్టి గోధుమ రవ్వ తీసుకోండి. వైష్‌వైట్సెన్, అంటే మెత్తని గోధుమ రకం వేయించినా జావగా అయిపోతుంది.

పులుపు దొరకదనే మాట మాత్రం ఒప్పుకోలేం. గోంగూర లేదని బెంగపడేవాళ్ళు ఏప్రిల్ నుంచి జూన్ దాకా రబార్బర్ కాడలు చూడాలి. ఎర్రగా, వేలెడు లావున, తోటకూర కాడలా ఉంటాయి. పీచు లాగేసి, అంగుళం ముక్కలు కోసి, ఉడికిన పప్పులో కప్పుకి 150 గ్రాముల లెక్కన వేస్తే ఐదు నిమిషాల్లో కరిగిపోతాయి. చింతపండు అక్కర్లేదు. ఉప్పు, పచ్చిమిర్చి, ఇంగువ పోపు. దాని ఆకులు మాత్రం పొరపాటున కూడా వండకండి, ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం. జూన్ 24 తర్వాత రైతులు కోత ఆపేస్తారు. మిగతా కాలంలో సవర్‌క్రౌట్ ఉంది. పులిసిన కేబేజీ తురుము. పిండేసి, ఒకసారి కడిగి, ఆవాలు, ఎండుమిర్చి, శనగపప్పు పోపులో పది నిమిషాలు మగ్గించండి. రై అనే ధాన్యంతో చేసే అక్కడి నల్ల రొట్టె పుల్లగా, ఇటుకలా ఉందని పారేసేవాళ్ళు దాన్ని పల్చగా కోసి కాల్చి తిని చూడాలి. గోధుమలో ఉన్న సాగుడు రైలో లేదు, అందుకే పొంగదు. చోడంబలి తాగి పెరిగిన నోటికి ఆ పులుపు కొత్తేమీ కాదు.

చేపల్లో ఎక్కువగా ఫిలేలే, అంటే ముల్లు తీసిన ముక్కలే దొరుకుతాయి, పులుసులో వేస్తే చెదిరిపోతాయి. టర్కిష్ షాపులో మక్రేలె నిండు చేప అడగండి. మన కనగర్తకి దాయాది, ఇంకాస్త నూనె ఎక్కువ, కాబట్టి పులుసులో నూనె సగం తగ్గించండి. అన్నట్టు, మన కనగర్త శాస్త్రీయ నామంలోని కనగుర్త మన తెలుగు మాటే. స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపల గురించి 1803లో అచ్చు వేసినప్పుడు ఇక్కడి పేరే రాసుకున్నాడు.

ప్యాకెట్ల మీద మన ఆకుపచ్చ చుక్క ఉండదు. ష్వైన్ అంటే పంది, రింట్ అంటే గొడ్డుమాంసం, గెమిష్ట్ అని ఉన్న ఖీమా ఆ రెండూ కలిపినది. పుటె అంటే టర్కీ కోడి. శాకాహారులు గెలాటీనె, అంటే జంతువుల నుంచి తీసే జెలటిన్, అన్న మాట కోసం జెల్లీ మిఠాయిల మీదే కాదు, కొన్ని పెరుగు డబ్బాల మీద కూడా వెతకాలి. నిమ్మరసంలా కనిపించే రాడ్లర్‌లో బీరు ఉంటుంది.

హోటల్లో వట్టిగా నీళ్ళు అడిగితే సోడా తెస్తారు, బిల్లూ వేస్తారు. గ్యాస్ లేనివి కావాలంటే ష్టిల్ అనాలి. షాపులో కొన్న, ఒకసారికే వాడే ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు, ఖాళీ సీసా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, కౌంటర్‌లో చూపిస్తే డబ్బు వెనక్కి. సీసాని నలిపితే, లేబుల్ పీకేస్తే మెషీన్ తీసుకోదు. ఈ పనులన్నీ శనివారం లోపే, ఆదివారం షాపులు మూసేస్తారు.