రుబ్బేదానికి కాదు, ఉడకబెట్టేదానికి రాళ్లు

రాతి పనిముట్లు అనంగానే మనకి రోలు, రుబ్బురోలు, ఇసుర్రాయి ఇవే గుర్తొస్తాయి, మా చిత్తూరు సైడ్ అయితే సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి రోట్లో నూరితేనే రుచి అని మిక్సీ వాళ్లతో ఇంకా కొట్లాడేవాళ్లు ఉండారు, అందులో నేనూ ఒకడిని. కానీ హైడా వాళ్ల గురించి చదవతా ఉంటే నాకు తెగ నచ్చింది ఏందంటే, వాళ్ల పాతకాలం వంటలో రాయి చేసే పెద్ద పని నూరడం కాదు, ఉడకబెట్టడం.

హైడా అంటే కెనడా పడమటి తీరంలో హైడా గ్వాయ్ దీవుల జనం, 2010 దాకా వాటికి అఫీషియల్ పేరు క్వీన్ షార్లెట్ దీవులు. పాతకాలంలో అక్కడ వరి లేదు, రాగి లేదు, అంతా చేపలు, నత్తలు, అడవి పండ్లే. మట్టికుండలు కూడా లేవు. మరి చేపల పులుసు ఎట్ల కాసేవాళ్లబ్బా అంటే, సీడార్ చెట్టు పలక ఒక్కటే తీసుకుని మూడు చోట్ల గాడి కొట్టి, ఆవిరి పట్టి వంచి, నాలుగో మూల కుట్టేస్తే పెట్టె తయారు, చుక్క నీళ్లు కారవు. అందులో నీళ్లు పోసి, నిప్పుల్లో ఎర్రగా కాలిన రాళ్లని చెక్క పట్టకారుతో ఎత్తి, బూడిద పోయేదానికి వేరే నీళ్లలో ఒక ముంచు ముంచి పెట్టెలో వేసేవాళ్లు, చల్లారింది తీసేయడం ఇంకోటి వేయడం, అట్ల వేస్తా ఉంటే నీళ్లు తెర్లుతాయి. ఏ రాయి పడితే అది పనికిరాదు మళ్లీ, కొన్ని వేడికి టప్పుమని పగిలి ముక్కలు తిండిలో పడతాయి.

రోలు లేదని కాదు, ఉంది, కానీ దాంట్లో దంచింది ముఖ్యంగా పొగాకు! వాళ్లు తోటలేసి పెంచిన సొంత రకం అది, ఎండబెట్టి, రాతి రోట్లో దంచి, గవ్వలు కాల్చిన సున్నంతో కలిపి నోట్లో పెట్టుకునేవాళ్లు, కాల్చేవాళ్లు కాదు. పళ్లు లేని మా అవ్వ ఆకూ వక్కా సున్నం చిన్న రోట్లో దంచుకునేది చూసినోళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. ఆ రోళ్లు చేయడం మాత్రం మన రోడ్డు పక్కన ఉలీ సుత్తీతో కొట్టేవాళ్ల పని లాంటిది కాదు, ఇంకా గట్టి రాయితో టక్ టక్‌మని పొడిచి పొడిచి పొడిగా రాల్చి, తర్వాత అరగదీసి నున్నగా చేయడమే, ఎంత ఓపిక ఉండాల!

రోగాలకి వాడే మందుల సంగతికొస్తే, డెవిల్స్ క్లబ్ అని ఒళ్లంతా ముళ్లుండే పొద ఒకటి ఉంది, ముళ్లు గీరేసి లోపలి పట్ట తీసి వాడతారు, ఇప్పటికీ.

తర్వాత ఓడలోళ్లు బయటి పొగాకు తెచ్చారు, సొంత పొగాకు తోటలు పోయాయి, ఆ రకమే ఇప్పుడు లేదు. దాని బదులు ఉర్లగడ్డ పట్టుకున్నారు, 1800ల్లో పండించి పడవల్లో వేసుకుపోయి అవతలి తీరంలో అమ్మేవాళ్లు కూడా.