64 కేబీలో లువా

పరకాల దగ్గర మా కాక బాయికాడ మోటర్‌కి చిన్న కంట్రోలర్ చేస్తున్నాను. చిప్ ఎస్టీఎం32ఎఫ్103, ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ 64 కేబీ, ర్యామ్ 20 కేబీ. మిర్చికి ఒక టైమింగ్, పత్తికి ఇంకోటి, ఒక ఫేజ్ పోతే ఏం చేయాలో మరొకటి, ఈ రూల్స్ మారినప్పుడల్లా హనుమకొండ నుంచి కేబుల్ పట్టుకుని పోయి ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) మొత్తం ఎక్కించలేను కదా, అందుకే రూల్స్ మాత్రం విడిగా మార్చుకునేలా లోపల లువా అనే ప్రోగ్రామింగ్ భాష పెట్టాను. 1993లో రియో డి జనీరోలో పుట్టిన ఈ భాషకి చిన్న చోట ఇమిడిపోతుందని మంచి పేరుంది. అయినా మొదటి బిల్డ్‌కే ఫ్లాష్ చాలలేదు.

సైజు తగ్గించమని కంపైలర్‌కి, వాడని ఫంక్షన్లు తీసెయ్యమని కోడ్ ముక్కలన్నిటినీ కలిపే లింకర్‌కి చెప్పినా పెద్దగా తగ్గలేదు. ఏ కోడ్ ఎంత చోటు తింటోందో చూపే మ్యాప్ ఫైలు తెరిచాక తెలిసింది. లువా లైబ్రరీలన్నిటినీ తెరిచే ఒక్క లైను నా కోడ్‌లో ఉంది, ఒక్కో లైబ్రరీలో ఫంక్షన్లన్నీ ఒక టేబుల్‌లో రాసి ఉంటాయి, కాబట్టి ఆ ఒక్క లైనుతో లింకర్ లెక్కలో అన్నీ వాడుతున్నవే అయిపోతాయి. ఫైళ్లే లేని చిప్‌లో ఫైలు తెరిచే కోడ్ కూడా వచ్చి కూర్చుంది. ఆ లైను తీసేసి నా మోటర్ ఫంక్షన్లు మాత్రమే ఉంచాను. సైజు గురించి ఎవరు అడిగినా ముందు మ్యాప్ ఫైలు చూడమనే చెప్తాను, ఆప్షన్లు తర్వాత.

ఇంకో పెద్ద కోత పార్సర్. రూల్‌ని లాప్‌టాప్‌లోనే బైట్‌కోడ్ (లువా నేరుగా నడిపే రూపం) చేసి పంపితే, రాసిన రూల్‌ని చదివి అలా మార్చే లెక్సర్, పార్సర్, కోడ్ జనరేటర్ మూడూ చిప్‌లో అక్కర్లేదు, వాటి చోట ఖాళీ ఫంక్షన్లు పెడితే సరిపోతుంది. కానీ ఇక్కడే నాకు రెండు రాత్రులు పోయాయి. లువా బైట్‌కోడ్ మొదట్లో ఉండే హెడర్‌లో టైపుల సైజులు ఉంటాయి, అవి కలవక నా 64 బిట్ లాప్‌టాప్‌లో తయారైంది 32 బిట్ చిప్ తీసుకోలేదు. లాప్‌టాప్‌లోని కంపైలర్‌ని కూడా 32 బిట్‌కే, చిప్‌లో ఉన్న సెట్టింగ్స్‌తోనే బిల్డ్ చేశాక ఎక్కింది. ఒక జాగ్రత్త: 5.2 వెర్షన్ నుంచి లువా, బైట్‌కోడ్ సరైనదో కాదో చెక్ చేయదు, పాడైన బైట్లు వస్తే చిప్ ఎటు పోతుందో చెప్పలేం, అందుకే బైట్లు పాడవకుండా వచ్చాయో లేదో చెప్పే చెక్‌సమ్ కలవకపోతే పాత రూల్‌నే నడిపిస్తున్నాను.

సి లైబ్రరీలో చిన్న రకమైన న్యూలిబ్ నానోకి మారితే ఇంకొంత మిగిలింది, కాకపోతే అందులో దశాంశాలు ప్రింట్ కావు, అది వేరేగా అడిగి కలుపుకోవాలి. నేను కలపలేదు. కరెంటు రీడింగ్‌ని మిల్లీఆంపియర్లలో పూర్ణసంఖ్యగా పంపుతున్నా.

ఇప్పుడు రూల్ మొత్తం 1 కేబీ ఫ్లాష్ పేజీలో పడుతోంది. పొద్దున కాక ఫోన్ చేసి పత్తికి అరగంట తగ్గించమంటే ఇంట్లోంచే పంపాను.