మూడు వందల మీటర్ల అవతల

అక్కకి ధ్రువపు ఎలుగుబంటిని దాని చోట చూడాలని కోరిక. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అది మరీ ఎక్కువైంది. "నడవగలిగినప్పుడే వెళ్లొద్దాంరా, తర్వాత కుదరదు" అంది. అలా 2025 జూలై చివర్లో మేమిద్దరం స్వాల్బార్డ్ వెళ్లాం. నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న దీవులవి. వంద మంది కూడా పట్టని చిన్న ఓడ, పది రోజుల ప్రయాణం.

చిన్న ఓడే కావాలని నేనే పట్టుబట్టాను. 2025 జనవరి నుంచి అక్కడి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడల్ని రానివ్వడం లేదు. ఆ ప్రాంతాల్లో ఒడ్డున దిగడానికి కూడా 43 చోట్లే ఉన్నాయి. పైగా మనుషులు తక్కువైతే రబ్బరు పడవ కోసం గంటలకొద్దీ వంతు చూడక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ నిలబడటం తప్పడమే పెద్ద మేలు.

వీసా దగ్గర ఒక విషయం ముందే తెలుసుకోవాలి. స్వాల్బార్డ్‌కి విడిగా వీసా అవసరం లేదు. కానీ అది నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) పరిధిలోకి రాదు. ఓస్లో నుంచి స్వాల్బార్డ్ ముఖ్య పట్టణం లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కి విమానం ఎక్కితే షెంగెన్ దాటినట్టే, తిరిగొస్తే మళ్లీ ప్రవేశించినట్టే. ఒక్క ఎంట్రీ వీసాతో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుపోతాం. మేం డబుల్ ఎంట్రీ అడిగి తీసుకున్నాం.

ఆ తర్వాత ఆరోగ్య ఫారం. "మోకాళ్ల సంగతి కాస్త తగ్గించి రాద్దామా?" అని అడిగింది అక్క. వద్దన్నాను. ఓడలో ఉండేది ఒక్క డాక్టరు. ఏదైనా పెద్దదొస్తే హెలికాప్టర్ రావాలి, అది కూడా వాతావరణం బాగుంటేనే. అందుకే అత్యవసర తరలింపు ఖర్చులు కూడా వచ్చే ఇన్సూరెన్స్ తీసుకుని, ఉన్నది ఉన్నట్టు రాశాం. అది ఎంత మంచిదైందో ఓడ ఎక్కాక తెలిసింది.

ఓడ బయల్దేరడానికి ఒక రోజు ముందే లాంగ్‌ఇయర్‌బ్యెన్ చేరాం. లేకపోతే మా పని అయిపోయేదే, ఎందుకంటే విమానం మారేచోట మా పెద్ద బ్యాగు తప్పిపోయింది. వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు, స్వెటర్లు అన్నీ అందులోనే. హోటల్లో గుమ్మం దగ్గరే బూట్లు విప్పించారు. బొగ్గు గనుల కాలం నుంచి అక్కడ వస్తున్న పద్ధతట. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. మేజోళ్లతో కూర్చుని రాత్రంతా కిటికీలోంచి ఎండ చూస్తూ బ్యాగు గురించి టెన్షన్ పడ్డాను. మర్నాడు ఓడ ఎక్కడానికి నాలుగు గంటల ముందు బ్యాగు వచ్చింది. మందులు, గ్లవ్స్, ఒక జత థర్మల్స్ మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి, దయచేసి.

ఓడలో మొదటి సాయంత్రం లైఫ్ జాకెట్ల డ్రిల్ అయ్యాక, అందరం బయట వేసుకునే బట్టలు, సంచులు తీసుకుని లాంజ్‌లోకి రమ్మన్నారు. వాక్యూమ్ క్లీనర్లు, బ్రష్‌లు, పట్టకార్లు సిద్ధంగా ఉన్నాయి. బయటి విత్తనం ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదు. జేబులు తిరగేసి, కుట్ల సందులు కూడా వెతికి చూసుకున్నాం. నా జాకెట్టు చేతి దగ్గర వెల్క్రో పట్టీలో సన్నటి గడ్డిగింజ ఒకటి ఇరుక్కుని ఉంది, తోక వెంట్రుకంత. పట్టకారుతో లాగితే తోక తెగింది, గింజ రాలేదు. గైడమ్మాయి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సూదితో పోగు పోగూ విడదీసి దాన్ని బయటికి తీసింది. ఐదు నిమిషాలు పట్టింది. విసుక్కోలేదు. ఆ నేలంటే వీళ్లకి ఎంత ప్రేమో నాకు అప్పుడు తెలిసింది.

జోడియాక్ ఎక్కడమే మాకున్న అసలు భయం. అది మోటారు బిగించిన రబ్బరు పడవ. ఓడ పక్కన మెట్లు దిగి, అలల మీద లేస్తూ పడుతూ ఉన్న దానిలో కాలు పెట్టాలి. చేతులు కలపకూడదు, ఒకరి మణికట్టు పైన ఇంకొకరు పట్టుకోవాలి. అలా పట్టుకుంటే తడి గ్లవ్స్ ఉన్నా జారదు. ఫారంలో మోకాళ్ల సంగతి చదివారు కాబట్టి అక్కకి రెండు వైపులా ఇద్దరు నిలబడ్డారు. "పడవ పైకి లేచినప్పుడు కాలు పెట్టండి, మేం చెబుతాం" అన్నారు. మొదటిసారి అక్క వేళ్లు తెల్లబడేలా బిగించింది. నాలుగోసారికి వాళ్లు చెప్పకముందే అలని చూసి అడుగేసింది.

పడమటి తీరం వెంట రెండు రోజులు సముద్రం బాగా ఊగింది. కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే పనిచేయదు, ముందే వేసుకోవాలి. ఇంతకంటే ఆ రెండు రోజుల గురించి చెప్పేదేం లేదు.

పరిశోధకుల ఊరు న్యూ ఓలెసున్‌కి 20 కిలోమీటర్ల దూరంలో ఉండగానే వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపించేశారు. అక్కడి రేడియో టెలిస్కోపులకి అవి అడ్డు. 1926లో నార్వే అన్వేషకుడు అముండ్సెన్ బృందం ధ్రువం మీదుగా వెళ్లిన నార్గే అనే గాలినౌక కోసం నిలబెట్టిన స్తంభం ఇంకా ఉంది. 2008 నుంచి నడుస్తున్న మన భారత పరిశోధన కేంద్రం హిమాద్రి కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్క దాని ముందు చాలాసేపు నిలబడింది.

నాకు మాత్రం ఆల్కెఫ్యెలెట్ కొండ మరిచిపోలేనిది. హిన్‌లోపెన్ జలసంధిలో నీళ్లలోంచి నిటారుగా లేచిన నల్లరాతి గోడ. వేలకు వేల గిల్లెమాట్ పక్షులు సన్నటి అంచుల మీద భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. వాటి అరుపుల్లో పక్క మనిషి మాట వినపడదు. మేం వెళ్లిన రోజుల్లోనే పిల్లలు గూడు వదులుతున్నాయి. మూడు వారాల పిల్లకి ఎగరడం రాదు, అయినా అంత ఎత్తు నుంచి దూకేస్తుంది. తండ్రి పక్షి వెంటే దిగి, నీళ్లలో దాన్ని వెతికి పట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్తుంది. మా పడవ పక్కనే ఒక పిల్ల టప్‌మని పడింది. గైడు ఇంజను ఆపేశాడు. అది సన్నగా అరుస్తోంది, ఎక్కడి నుంచో బొంగురు గొంతు బదులిస్తోంది. రెండూ కలిసేదాకా మేం ఎవరం కదల్లేదు. అక్క నా చెయ్యి వదల్లేదు.

అక్కడి నుంచి తూర్పుకి తిరిగి పెద్ద దీవిని చుట్టి రావాలని అనుకున్నాం. ఆ సాయంత్రం కెప్టెన్ మంచు పటం తెరమీద చూపించాడు. మేం వెళ్లాల్సిన దారంతా ఎర్ర రంగు, అంటే చిక్కటి మంచు. ఓడ వెనక్కి తిరిగింది. కొందరు నొచ్చుకున్నారు. నాకూ బాధేసింది, ఎందుకంటే ఎలుగుబంట్లు అటు ఎక్కువ కనిపిస్తాయని విన్నాను.

రెండు రోజుల తర్వాత, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ లీఫ్డెఫ్యోర్డ్‌లో, మొనాకో గ్లేసియర్ ముందు తేలుతున్న మంచు ముక్కల మధ్య జోడియాక్‌లో ఉన్నాం. మంచులో వందల ఏళ్లుగా నొక్కుకుపోయిన గాలి బుడగలు, ఆ మంచు కరిగేటప్పుడు చిటపటమంటాయి. అది వింటూ ఉండగా గైడు రేడియోలో ఏదో విని, ఒడ్డు వైపు చూపించాడు. రాళ్ల మధ్య మీగడ రంగు చుక్క ఒకటి కదిలింది.

చట్టం ప్రకారం జూలైలో 300 మీటర్లు దూరంగా ఉండాలి. మార్చి నుంచి జూన్ దాకా అయితే 500. మేం ఇంకా దూరంలోనే ఆగాం. కాసేపటికి ఎలుగుబంటి నీళ్లలో దిగి మా వైపే ఈదడం మొదలుపెట్టింది. పడవలో ఒకాయన "ఒక్క నిమిషం ఉండనివ్వండి" అన్నాడు. గైడు అప్పటికే పడవని వెనక్కి తిప్పాడు. "అది దగ్గరికొచ్చినా జరగాల్సింది మనమే" అన్నాడు. మేం వెనక్కి జరిగినకొద్దీ అది చిన్నదైపోయింది. అక్క ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

ఓడ ఎక్కాక డెక్ మీద టెలిస్కోపు పెట్టారు. ఎలుగుబంటి మళ్లీ ఒడ్డెక్కి, ఒళ్లు విదిల్చుకుని, ముందరి పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. అక్క కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "మనం ఉన్నామని మర్చిపోయింది రా" అంది మెల్లగా. "నిద్రపోతోంది."

చివరి రోజు ఇస్‌ఫ్యోర్డ్‌లో ఒక తీరాన దిగాం. ఆ నేల మీద నుంచి రాయి, ఎముక, తుప్పు పట్టిన మేకు, ఏదీ తీసుకోకూడదని రోజూ చెబుతూనే ఉన్నారు. 1946కి ముందు మనిషి వదిలిన ప్రతి వస్తువూ అక్కడ రక్షిత సంపదే. తిరిగి పడవ ఎక్కేముందు బూట్లు నీళ్లలో కడుక్కుంటుంటే అక్క అరికాలి గాడిలో గోరంత గులకరాయి ఇరుక్కుని కనిపించింది. గైడు కోసం ఆగలేదు. నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, వేలితో రాయిని ఊడదీసి, వంగి మిగతా రాళ్ల పక్కన పెట్టింది. తర్వాత నా చెయ్యి వదిలేసి తనే పడవ దగ్గరికి నడిచింది.