మిర్చి మీద వేసిన నింద

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాను. మిర్చి యార్డులో పనిచేసేవాడు దగ్గితే ఎవరూ తల తిప్పి చూడరు. నా దగ్గునూ మూడు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. అందరికంటే ముందు నేనే పట్టించుకోలేదు.

కథ పంటినొప్పితో మొదలైంది. నవంబర్‌లో పన్ను పీకించుకుందామని వెళ్తే ముందు బీపీ చూశారు. 168/104. పన్ను సంగతి పక్కకు పోయింది. మా కాలనీ డాక్టర్ ఉప్పు తగ్గించమని చెప్పి రామిప్రిల్ అనే గోలీ రాశారు, 5 మిల్లీగ్రాములు, రోజుకొకటి. పచ్చడి మానడం కష్టమైంది గానీ గోలీతో ఏ ఇబ్బందీ లేదు. డిసెంబర్ హాయిగా గడిచింది.

జనవరిలో దగ్గు పట్టుకుంది. గొంతులో వెంట్రుక ఇరుక్కున్నట్టు గీరుతుంది, దగ్గితే ఏమీ రాదు. జ్వరం లేదు, కళ్లె లేదు. నడుం వాలిస్తే మరీ ఎక్కువ. మిర్చి ఘాటు నాకు తెలియనిదా? చపాట రకమైతే రంగే గానీ కారం తక్కువ. తేజ బస్తా విప్పితే మాత్రం ముందు తుమ్ములు, తర్వాత ముక్కు కారుడు, కళ్లల్లో నీళ్లు. బయటికొచ్చి ఒక చాయ్ తాగితే సర్దుకుంటుంది. ఈ దగ్గు అట్లా లేదు. అయినా మిర్చిదే తప్పు అనుకున్నాను. సీజన్ కూడా అప్పుడే మొదలైంది మరి.

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను. మిరియాల పాలు తాగాను. ముఖానికి తువ్వాల చుట్టుకుని కూర్చున్నాను. ఒకరోజు రైతుకిచ్చే లెక్క చీటీ, అదే తక్‌పట్టీ, రాస్తుంటే దగ్గు తెర వచ్చి 14 బస్తాల దగ్గర 19 పడింది. ఎదురుగా రైతు చేతులు కట్టుకుని నిలబడి, నా దగ్గు ఆగేదాకా ఆ కాగితం వైపే చూస్తున్నాడు. తప్పు దిద్ది ఇచ్చాను గానీ ఆ రోజు నాకు బాగా సిగ్గేసింది.

మెడికల్ షాపులో అడిగి ఒక సిరప్ కొన్నాను. అందులో ముక్కు దిబ్బడ తగ్గించే మందు కూడా కలిసి ఉంటుందని, అలాంటివి బీపీని పెంచగలవని నాకేం తెలుసు? తర్వాత చూస్తే బీపీ మళ్లీ పెరిగింది. సిరప్ తాగుతున్న సంగతి నేను చెప్పలేదు, డాక్టరూ అడగలేదు. గోలీ 10 మిల్లీగ్రాములైంది. దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే.

ఇంట్లో టీబీ భయం మొదలైంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కళ్లె పరీక్షకు తెమ్మన్నారు. వస్తే కదా తేవడానికి!

ఉగాదికి సెలవులొస్తే కరీంనగర్‌లో బిడ్డ ఇంటికి వెళ్లాం. అక్కడ మూడు రాత్రులూ దగ్గుతూనే ఉన్నాను. "బాపూ, ఈడ మిర్చి లేదు గదా, మరి ఎందుకు దగ్గుతున్నవ్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తిరిగొచ్చాక హనుమకొండలో ఒక ఫిజీషియన్‌ను కలిశాను. ఎక్స్‌రే కవరు ఇవ్వబోతే పక్కన పెట్టి, "వేసుకుంటున్న గోలీల పట్టీలు తెచ్చారా?" అని అడిగారు. జేబులోంచి తీసి ఇచ్చాను. వెనక్కి తిప్పి పేరు చదివి, "దగ్గు ఇది మొదలుపెట్టకముందా, తర్వాతా?" అన్నారు. ఆ ప్రశ్న మూడు నెలల్లో మొదటిసారి విన్నాను.

ఆయన చెప్పింది ఇది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి, అంటే పేరు చివర 'ప్రిల్' ఉన్నవి, రక్తనాళాలను బిగించే ఒక పదార్థం తయారు కాకుండా అడ్డుకుంటాయి. అట్లా బీపీ తగ్గుతుంది. అయితే అందుకోసం ఈ గోలీలు ఆపేసే ఎంజైమే బ్రాడీకైనిన్ అనే ఇంకో పదార్థాన్ని కూడా కరిగిస్తుంది. ఆ పని ఆగిపోయేసరికి అది శ్వాసనాళాల్లో పేరుకుని గీర పుట్టిస్తుంది. నూటికి ఐదు నుంచి ఇరవై మందికి ఈ పొడిదగ్గు వస్తుందట. మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు.

"అయితే రేపటి నుంచి ఆపేస్తా సార్" అన్నాను.

"ఆపడం కాదు, మార్చుకోవాలి" అని టెల్మిసార్టాన్ 40 రాశారు. 'సార్టాన్' రకం ఆ ఎంజైమ్ జోలికి పోదు కాబట్టి ఈ దగ్గు సాధారణంగా రాదట. కొన్ని వారాలకు రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నారు. దగ్గు పోవడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి మూడు నెలలు కూడా పడుతుందని ముందే చెప్పారు. చెప్పకపోయి ఉంటే వారానికే ఇంకో డాక్టర్‌ను వెతుక్కునేవాణ్ని.

మొదటి వారం తేడా లేదు. పన్నెండో రాత్రి ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. తెల్లవారుజామున మా ఆవిడ లేచి, చప్పుడు లేదేమని నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట, ఊపిరి ఉందా లేదా అని.

జూన్‌లో బీపీ పూర్తిగా దిగలేదని ఆమ్లోడిపిన్ 5 అనే ఇంకో బీపీ గోలీ కలిపారు. నెల తిరిగేసరికి సాయంత్రాలు చెప్పు విప్పితే పాదం మీద పట్టీ అచ్చు లోతుగా పడేది. "గీ గోలీలతోటి ఒకటి పోతే ఒకటి" అని ఆవిడ గొణిగింది. ఈసారి పాఠం వచ్చింది కనుక గోలీల పట్టీలన్నీ తీసుకుని నేరుగా వెళ్లాను. రక్త, మూత్ర పరీక్షలు చేసి కిడ్నీలు బాగున్నాయని తేల్చారు. సన్న ధమనులు వెడల్పై నీరు కాళ్లలోకి ఊరుతుందని, డోసు ఎక్కువైన కొద్దీ వాపూ ఎక్కువవుతుందని చెప్పారు. 2.5కు తగ్గించారు. వాపు దిగింది. బీపీ ఇప్పుడు 130 దగ్గర నిలబడింది.

ఈ సీజన్‌లో యార్డులో ఎవరు దగ్గినా అడుగుతున్నాను. మొన్న ఒక హమాలీ బస్తా దించి ఒకటే దగ్గుతున్నాడు. పక్కకు పిలిచి, "బీపీ గోలీలు ఏమన్న వేస్తున్నవా?" అన్నాను.

"గోలీలు లెవ్వు, గీలీలు లెవ్వు. బీడీలన్నా" అన్నాడు.