వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాను

గని విస్తరించే ముందు చేసే మొక్కల సర్వేకి రెండో అవకాశం ఉండదు. పైమట్టి లేపేశాక అక్కడ ఏమేం మొలిచేవో చెప్పడానికి మన ఫీల్డు పుస్తకం తప్ప ఇంకేమీ మిగలదు. నాకిది కాస్త ఆలస్యంగా తెలిసింది.

మొదటిసారి నడివేసవిలో వెళ్ళాం, నివేదిక గడువు అప్పుడే మరి. ఎండిన గడ్డిదుబ్బులు, కొన్ని ముళ్ళపొదలు తప్ప ఏమీ కనబడలేదు. ఏ ప్లాటుకీ, అంటే మొక్కలు లెక్కపెట్టడానికి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి గుర్తుపెట్టిన ఏ చదరానికీ, ఫారం సగం కూడా నిండలేదు. వ్యాఖ్యల గడిలో ‘చెదురుమదురు పొదలున్న బంజరు’ అని నా చేత్తోనే రాశాను. వానలు మొదలయ్యాక, ఎవరూ అడక్కపోయినా, పాత మేకులు వెతుక్కుంటూ మళ్ళీ వెళ్ళాను. అదే చదరపు మీటరులో పేర్లు రాస్తూ రాస్తూ కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. దుంపల్లో, వేళ్ళలో, విత్తనాల్లో దాక్కున్నవన్నీ పైకి వచ్చేశాయి. సవరణ పంపితే నివేదిక చివర అనుబంధంగా జతచేశారు. మొదటి పేజీలో ‘బంజరు’ అన్న మాట అలాగే ఉండిపోయింది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అప్పటినుంచి కనీసం రెండు కాలాలు చూడకుండా ఏ ప్లాటునీ పూర్తయిందనను. పద్ధతి కొత్తదేం కాదు. గడ్డికీ చిన్నమొక్కలకీ 1 మీటరు చదరం, పొదలకి 5 మీటర్లది, చెట్లకి 10 మీటర్లది. గని అంచు నుంచి బయటికి ఒక గీత గీసుకుని దాని వెంట ప్లాట్లు వేస్తాం. దూరంగా, అదే రకం మట్టీ అదే వాలూ ఉన్న చోట పోలిక కోసం మరికొన్ని. అన్నిటినీ ముందే మ్యాపు మీద లాటరీ పద్ధతిలో ఎంచుకోవాలి. లేకపోతే కాళ్ళు వాటంతటవే పచ్చగా ఉన్న చోటికి పోతాయి. ఏ మొక్క ఎంత నేల కప్పిందో బ్రౌన్-బ్లాంకే అనే అంకెల స్కేలు మీద ఇద్దరం విడివిడిగా వేసుకుని తర్వాత పోల్చుకుంటాం. 5 అంటే ముప్పాతికకు మించి కప్పిందని. 2, 3 దగ్గరే ఎప్పుడూ వాదన.

విష్ణుక్రాంత సంగతి చెప్పాలి. శాస్త్రీయనామం ఎవాల్వులస్ ఆల్సినాయిడీస్. నేలబారున పాకే సన్నటి కాడలు, చిటికెనవేలి గోరంత నీలి పువ్వు, మధ్యలో తెలుపు. పొద్దున్నే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. ఆ తర్వాత వస్తే గడ్డిలో కలిసిపోయి దొరకదు. మోకాళ్ళ మీద కూర్చుని లెన్సు పెడితే ఆకు నిండా పట్టులాంటి నూగు. డంపర్లు తిరిగే దారి పక్క ప్లాటులో ఆ నూగు మధ్య ఎర్రదుమ్ము ఇరుక్కుని ఉంది. వేలితో తుడిచినా పోలేదు. పువ్వు మాత్రం శుభ్రంగా ఉంది, ఆ పొద్దున విచ్చుకున్నదే కదా!

అదే దారి వెంట వయ్యారిభామ ఏపుగా పెరుగుతోంది. తవ్విపోసిన నేల దానికి బాగా సరిపోతుంది, విత్తనాలు టైర్ల బురదతో పాటే వస్తాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి అదీ పచ్చదనమే. అందుకే పచ్చదనం శాతం ఒక్కటే రాసిన నివేదిక నాకు పనికిరాదు. ఏది స్థానికం, ఏది వలస వచ్చింది అన్న గడి లేకపోతే ఎంత కష్టపడి కొలిచీ లాభం లేదు.

ఖనిజపు నేలంటే మొక్కలకి పనికిరానిదని చాలామంది అనుకుంటారు. కొన్ని మొక్కలకి అదే ఇల్లు. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టు ఉంది, గాటు పెడితే నీలి-ఆకుపచ్చ పాలు కారతాయి. ఆరబెట్టిన ఆ పాల బరువులో పాతిక శాతం దాకా నికెల్ ఉంటుందని 1976లో ప్రచురించారు. కాంగోలోని కటంగాలో రాగి ఎక్కువున్న మట్టిలో పెరిగే మొక్కల్ని చూసి గనులవాళ్ళు రాగి జాడ పట్టేవారు. జాడ చెప్పిన మొక్క కిందే తవ్వకం మొదలైతే అది ఎక్కడికి పోతుంది? పక్క నేలలో నాటితే బతుకుతుందన్న భరోసా లేదు.

అందుకే పైమట్టి గురించి ఇంత పట్టుబడతాను. విత్తనాల్లో ఎక్కువ భాగం పైన కొన్ని సెంటీమీటర్లలోనే ఉంటాయి. ఆ పొరని విడిగా తీసి, వీలైనంత త్వరగా వేరేచోట పరిస్తే కొంతైనా మొలుస్తుంది. ఎత్తుగా గుట్టపోసి ఏళ్ళ తరబడి వదిలేస్తే లోపలి విత్తనాలు చచ్చిపోతాయి. ఈసారి నివేదికలో ఇది అనుబంధంలో కాదు, మొదటి పేజీలోనే రాశాను.

కొత్త హద్దు గీత మా పద్నాలుగో ప్లాటు మీదుగా పోతోంది. నాలుగు మేకులూ ఇంకా నేలలోనే ఉన్నాయి. ఈ వానలకి ఇంకొక్కసారి వెళ్తున్నాను, పువ్వులు ముడుచుకోకముందే చేరుకునేలా చీకటితోనే బయల్దేరాలి.