నాయన పాట, వడ్ల గది, ఒక ల్యాప్‌టాప్

మా ఊరు బుచ్చిరెడ్డిపాళేనికి దగ్గర. శనివారం రాత్రిళ్లు రామాలయంలో భజన ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అందులో ముందు పాట నాయనదే. హార్మోనియం పెదనాయన, డోలక్ మామ, చిడతలు చిన్నాయన, వెనక అందుకునే వాళ్లు ఐదారుగురు. పోయిన సంక్రాంతికి నాయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పదిహేను రోజులు మాట కూడా సరిగా రాలేదు. ఆ రోజుల్లో ఆయన పాట వినాలనిపించి ఫోనంతా వెతికాను. మూడు వీడియోలు దొరికాయి. మూడింట్లోనూ చిడతల మోతే ఉంది, పాట లేదు. గొంతు మళ్ళీ వచ్చాక ఆయన పాటను ఇంట్లోనే సరిగా రికార్డు చేయాలని, ఇంక ఆలస్యం చేయకూడదని అనుకున్నాను.

నెల్లూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూసుకునే నాకు సంగీతం నేర్పిన వాళ్లు ఎవరూ లేరు. ల్యాప్‌టాప్ ఉంది. రెండు మైకులు పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాను. మైకు నుంచి వచ్చే సన్నటి కరెంటును పెంచి, దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న పెట్టె అది. దగ్గర్నుంచి పాడేవాళ్లకు పెట్టే ఒక డైనమిక్ మైకు, సన్నటి శబ్దాన్నీ పట్టే కండెన్సర్ మైకు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోనే పంపే కరెంటు కావాలి, దాని బటన్ ఇంటర్‌ఫేస్ మీదే ఉంటుంది. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కు రీపర్ పెట్టుకున్నాను. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. అసలు ఖర్చే వద్దనుకునేవాళ్లకు ఆడాసిటీ ఉంది. మొదటి పాటకు ఏదైనా చాలు, దీని గురించి నెలల తరబడి ఆలోచించకండి.

ఆలోచించాల్సింది గది గురించి. మొదట ముందు హాల్లో కూర్చోబెట్టాను. టైల్స్ నేల, నున్నటి గోడలు, పైన శ్లాబు. విని చూస్తే నాయన ఏదో తొట్టిలో కూర్చుని పాడినట్టు ఉంది. గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దం పాటతో కలిసిపోతే, తర్వాత కంప్యూటర్‌లో దాన్ని విడదీయడం మనలాంటి వాళ్ల వల్ల కాదు. మా అమ్మే చెప్పింది, "వడ్ల గదిలో పాడించరాదా, అక్కడ పిలిస్తే పక్కింటికి కూడా వినబడదు" అని. తిండికి ఉంచుకున్న వడ్ల బస్తాలు రెండు గోడల వెంబడి ఛాతీ ఎత్తున ఉన్నాయి. మిగతా గోడకు దండెం కట్టి బొంతలు వేలాడదీశాం, కింద చాపల మీద ఇంకో రెండు బొంతలు పరిచాం. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. హాల్లో టింగుమని మోగిన చప్పట్లు ఇక్కడ టప్పుమని ఆగిపోయాయి. ఫ్యాన్ ఆపాలి, ఏప్రిల్లో అది కష్టమే. పాటకూ పాటకూ మధ్య అందరూ వరండాలోకి వచ్చి మజ్జిగ తాగి వెళ్లేవాళ్లు.

మొదటి రోజు ఎవరూ పాడకపోయినా హెడ్‌ఫోన్స్‌లో గుయ్‌మని ఒకటే రొద. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఆ ఊగుడు 50 దగ్గరా 100 దగ్గరా రొదై మైకు లైన్లోకి దూరుతుంది. చార్జర్ పీకేస్తే చాలా మటుకు పోయింది. బ్యాటరీ మీద రెండు పాటలు చేశాం. మరుసటి రోజు కరెంటు పని చేసే అబ్బాయి వచ్చి చూస్తే ఆ గది ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడి ఉంది, పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. వైరు బిగించి, గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయించాడు. చార్జర్ పెట్టినా రొద లేదు. ఎండాకాలం ఆ గుంతకు నీళ్లు పోయాలని మా తాత చెప్పేవాడని అమ్మ అప్పుడు గుర్తు చేసింది.

ఇక మైకు. నాయన ముందు డైనమిక్ మైకు పెట్టాను. బెత్తెడు దూరంలో పెడితే గొంతు లావైపోయి బొంగురుగా వచ్చింది. ఇలాంటి మైకులకు దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలు పెరుగుతాయి. జానెడు దూరానికి జరిపి, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిప్పాక ఆయన గొంతు ఆయనది అయింది. పక్కకు తిప్పడానికి ఇంకో కారణం, 'పాహి', 'భక్త' లాంటి మాటల్లో వచ్చే గాలి నేరుగా మైకుకు కొట్టి డుబ్‌మంటుంది. కండెన్సర్ మైకు మిగతా గుంపుకు, కొంచెం ఎత్తులో.

కానీ చిడతలు! చిన్నాయన మామూలుగా కొట్టినా ఇంటర్‌ఫేస్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఎర్ర లైటు వెలిగిందంటే అక్కడ శబ్దం కత్తిరించుకుపోయినట్టే, సరిగ్గా బాగుచేయలేం. లెవెల్ తగ్గిస్తే పాట పోతుంది. గంట సేపు నాబ్‌లతో కుస్తీ పడ్డాను. నాయన చూసీ చూసీ లేచి, "అబ్బయా, గుడిలో నేను ఎట్టా కూర్చోబెడతానో చూడలా?" అని అందర్నీ లేపాడు. చిన్నాయనను వాకిలి దగ్గర, తన మైకుకు వెనక వైపు కూర్చోబెట్టాడు. పెదనాయన ఎడమ పక్క, మామ కుడి పక్క, వెనక పాట వాళ్లు అర్ధచంద్రాకారంగా. "మాట వినబడాల. మాట వినబడకపోతే భజనెందుకు?" అన్నాడు. నాయన ముందు పెట్టినలాంటి మైకులు ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుంటాయి, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ. నేను చదివి తెలుసుకున్న సంగతిని నాయన మైకు బొమ్మ కూడా చూడకుండా అమలు చేశాడు. లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, అంటే శబ్దం కత్తిరించుకుపోయే సున్నాకు అంత కింద ఆడేట్టు పెట్టాను. శబ్దాన్ని బాగా సన్నగా కొలిచే 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే అంత ఖాళీ వదిలినా నష్టమేం లేదు. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు కొలతల) దగ్గర ఐదు నిమిషాల పాట, మైకుకు ఒకటి చొప్పున రెండు ట్రాకులకు సుమారు 86 ఎంబీ అవుతుంది, డిస్కులో చోటు చూసుకోండి.

హెడ్‌ఫోన్స్ పెడితే నాయన వెంటనే తీసేశాడు. "నా గొంతు నా వెనకాలే వస్తా ఉంది" అన్నాడు. తప్పు సెట్టింగ్‌ది. కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శాంపిళ్ల లెక్క, అంటే బఫర్, 1024 మీద ఉంటే ఒక్క వైపుకే 21 మిల్లీ సెకన్ల ఆలస్యం. 128కి దించితే మూడుకు లోపే. తర్వాత ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచేసి కలిపే మిక్సింగ్ అప్పుడు మళ్ళీ పెంచుకోవచ్చు, లేకపోతే పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది.

మిక్సింగ్ అంటే ఏదో కలపడం అనుకునేవాణ్ణి. నాయన కూర్చోబెట్టిన తీరు చూశాక దాని రూపం తెలిసింది. మొదట అన్నీ ఆపి నాయన ట్రాకు ఒక్కటే పెట్టాను. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 ఊగుళ్లు) కింద ఉన్నదంతా తీసేశాను, గొంతులో అక్కడ ఏమీ లేదు, మామ కాలు కదిలించిన చప్పుడే ఉంది. 300 దగ్గర కొంచెం తగ్గిస్తే ముక్కుదిబ్బడ వదిలినట్టయింది. కంప్రెసర్ మూడుకు ఒకటి చొప్పున, అంటే ఒక హద్దు దాటాక గొంతు మూడు డెసిబెల్స్ పెరిగితే ఒకటే పెరిగేట్టు పెట్టాను, మెల్లగా పాడిన చోటా గట్టిగా పాడిన చోటా తేడా కాస్త తగ్గడానికి. ఆ తర్వాతే గుంపును పైకి తెచ్చాను, నాయన ప్రతి మాటా తెలిసేంత వరకే. చివర ఒకటిన్నర సెకన్ల రివర్బ్, అంటే గదిలో పాట మోగినట్టుండే మోత, పలచగా వేశాను. మా రామాలయం మండపంలో పాట ఆగాక అంత సేపే గాలిలో నిలుస్తుంది, శనివారం ఫోన్లో కొలుచుకున్నాను. ఎవరి గుడి ఎట్టా మోగితే వాళ్లు అట్టా వేసుకోవాలని నా ఉద్దేశం.

హెడ్‌ఫోన్స్‌లో బాగుందని ఆగిపోవద్దు. ఫోన్ స్పీకర్లో విన్నాను, తమ్ముడి ఆటోలో విన్నాను. ఆటోలో డోలక్ ఎక్కువైంది, తగ్గించాను. రాత్రి పూట చేసింది పొద్దున్నే మళ్ళీ వినాలి, అలసిన చెవికి పదును తగ్గి అన్నీ పెంచుకుంటూ పోతాం.

మొన్న నాయనకు వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి, "కుడి పక్క వెనకోడు అర అక్షరం ముందు పోతా ఉండాడు" అన్నాడు. నేను ముప్పై సార్లు విన్నా పట్టుకోలేదు. గుంపంతా ఒకే మైకులో ఉంది కాబట్టి ఆ ఒక్క గొంతును విడిగా జరపలేను. మళ్ళీ పాడాల్సిందే. శనివారం అందరికీ కబురు పెట్టాం. ఆ తర్వాత వారం బస్తాలు మిల్లుకు పోతాయి.