కంట్రోల్ రూమ్‌కు హైడ్రోజన్ కరెంటు: నా అనుభవం

కోస్తాలోని ఒక విపత్తు సమాచార కేంద్రంలో విద్యుత్ వ్యవహారాలు చూసే ఇంజినీరును నేను. కరెంటు పోయినప్పుడు వైర్‌లెస్ సెట్లు, సర్వర్లు ఆగకుండా 5 కిలోవాట్ల హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్ పెట్టించే పని నాకు అప్పగించారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకిన తరువాత డీజిల్ కోసం బంకుల దగ్గర బారులు తీరిన రోజులు చూసినవాళ్లం కనుక, జనరేటర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదన్న ఆలోచన మా కార్యాలయంలో ఎప్పటినుంచో ఉంది.

యంత్రం సంగతి త్వరగానే తేలింది. పలుచని పొరకు ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క గాలి అందితే ప్లాటినం ఉత్ప్రేరకం సాయంతో కరెంటు పుడుతుంది, నీరు మిగులుతుంది. అది అందుకునే వరకు లోడును బ్యాటరీలు మోస్తాయి. ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినపడదు. అసలు పని సిలిండర్లతో మొదలైంది.

47 లీటర్ల సిలిండరును 150 బార్ల ఒత్తిడితో నింపినా అందులో పట్టే హైడ్రోజన్ అర కిలో కంటే కొంచెం ఎక్కువ, అంతే. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉన్నా సెల్ దానిలో సుమారు సగాన్నే కరెంటుగా మారుస్తుంది కనుక, సిలిండరుకు తొమ్మిది యూనిట్లు వస్తాయనుకోవచ్చు. మా 4 కిలోవాట్ల లోడుకు అది రెండు గంటల మాట. మండే వాయువు సిలిండర్లు 25 దాటితే నిల్వకు పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి కాబట్టి 12తో సరిపెట్టాము, అంటే ఒక రోజుకు కొంచెం పైన. తుపాను తరువాత చీకటి అంతకంటే ఎక్కువ కాలం ఉండవచ్చు గనుక పాత జనరేటర్‌ను తీసివేయడానికి నేను ఒప్పుకోలేదు.

అగ్నిమాపక శాఖ అభ్యంతరాలు సమంజసమైనవే. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది, పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. అది తేలిక కనుక పైకి పోతుంది. అందుకే సిలిండర్లను గదిలో కాక పక్కలకు జాలీ, కప్పు కొసన ఖాళీ ఉన్న రేకుల షెడ్డులో నిలబెట్టి గొలుసులు వేశాము. సెన్సరును నేల దగ్గర కాకుండా కప్పు కింద బిగించి, 1 శాతానికే గ్యాసు ఆగేలా వాల్వుకు కలిపాము. ఎర్ర సిలిండరు మూతికి రెగ్యులేటర్ బిగిస్తుంటే మా ఎలక్ట్రీషియన్ పానాను అలవాటు ప్రకారం తిప్పబోయాడు. గ్యాసు కంపెనీ మనిషి చెయ్యి పట్టుకుని, "ఇది లెఫ్ట్ థ్రెడ్ అన్నా, అటు తిప్పితే వదులవుతుంది" అన్నాడు. ఆ తరువాత ప్రతి కీలుకూ సబ్బు నీళ్లు రాసి, బుడగ లేదని చూశాకే వాల్వు పూర్తిగా తెరిచాము.

అన్నిటికంటే ఆలస్యం చేసింది గ్యాసు ధ్రువపత్రం. ఫ్యూయెల్ సెల్‌కు 99.97 శాతం శుద్ధత సరిపోతుంది గానీ, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో ఒక భాగం కూడా ఉండకూడదు, లేకపోతే ప్లాటినం పాడవుతుంది. సరఫరాదారు ఇచ్చిన కాగితంలో మొత్తం శుద్ధత ఉంది, ఆ వివరం లేదు. విడిగా పరీక్ష చేయించి నివేదిక ఇచ్చేదాకా సరుకు దించుకోలేదు.

ఇదంతా పచ్చని కరెంటు అని బోర్డు పెట్టమన్నారు, నేను పెట్టలేదు. మాకొచ్చే గ్యాసు కాస్టిక్ సోడా తయారీలో ఉప ఉత్పత్తిగా వచ్చేది, అదీ లారీ ఎక్కి వస్తుంది. విశాఖ దగ్గరి తన సింహాద్రి విద్యుత్ కేంద్రంలో నీటిపై తేలియాడే సోలార్ పలకల కరెంటుతో హైడ్రోజన్ తీసి, 50 కిలోవాట్ల ఫ్యూయెల్ సెల్‌తో రాత్రిపూట వాడే ప్రాజెక్టును ఎన్‌టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది. అక్కడికక్కడే గ్యాసు తయారయ్యే ఆ పద్ధతి వస్తే మా షెడ్డుకు లారీతో పని ఉండదు. ప్రస్తుతానికి, అక్టోబరు రాకముందే 12 సిలిండర్లూ నిండుగా చేరాలని, వాటి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండరు గట్టిదనం చూసే పరీక్ష) గడువు దాటి ఉండకూడదని సరఫరా ఒప్పందంలో రాయించాము.